నాలుగో నంబరు మిషనుకు కట్టిన పుస్తకం

మా సారు పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. పెనుకొండలో మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష పెట్టి వరసల మధ్య తిరుగుతున్నాను. సారు భార్యను నేను అక్కా అంటాను. హిందూపురం నుంచి ఆమే చేసింది. "సారు పోయినాడమ్మా. నిన్న సాయంత్రం కూడా బాగానే మాట్లాడినాడు" అంది. "వస్తాండా అక్కా" అని పెట్టేశాను. ముందు వరసలో ఒక పాప చెయ్యెత్తి తన ప్రోగ్రాం నడవడం లేదంది. వెళ్ళి చూశాను. ఏం చూశానో గుర్తులేదు.

అంతకు నాలుగు రోజుల ముందు పుట్టపర్తి ఆస్పత్రి మంచం మీంచి సారే నాకు ఫోన్ చేశారు. కిడ్నీల జబ్బుతో ఏడాదిగా ఆయనకు ఇల్లు, ఆస్పత్రి ఒకటే అయిపోయాయి. గొంతు సన్నబడిపోయింది గానీ మాట మాత్రం ఎప్పటిలాగే ఉంది. "ధర్మవరంలో నాలుగో నంబరు మిషను నిలబడిందంట. మా అన్న మగ్గం మింద కొంగు ఒకటే మిగిలుండాదంట. నాకింక చేతకాదు. నువ్వు పోయి చూడు. ఏమీ తీసేయొద్దు."

పరీక్షలవి అయిపోతే ఆదివారం వెళ్తానని చెప్పాను. ఆదివారం ఇంటికి చుట్టాలొచ్చారు. మంగళవారం ఆయనే లేరు. ఆ మాట నిలబెట్టుకోవడం తప్ప నేనింక ఆయనకు చేయగలిగింది ఏమీ లేదు.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం తలా నాలుగు మాటలు రాయాలని అనుకున్నాం. మిగతావాళ్ళు ఆయన పాఠం గురించి, ఓపిక గురించి రాస్తారు. నేను ఆ నాలుగో నంబరు కంప్యూటర్ మిషను గురించే రాస్తాను. నాకు తెలిసిన సారు అందులోనే ఉన్నారు.

హిందూపురంలో సారు కంప్యూటర్ సెంటరు ఒక పిండి మర మీద మేడగదిలో ఉండేది. కింద మర ఆడుతుంటే పైన బల్లలు అదిరేవి. తలుపులు ఎంత మూసినా జొన్నపిండి, రాగిపిండి మెట్లెక్కి వచ్చి మిషన్ల మీద కూర్చునేది. ప్రతి ఆదివారం సారు ఒక్కో మిషను మూత విప్పి, మగ్గం దగ్గర వాడే పాత కుంచెతో ఓపికగా తుడిచేవారు. ఆయన పుట్టింది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో. అన్న మగ్గంలోనే ఉండిపోయాడు, తమ్ముడు కంప్యూటర్లలోకి వచ్చాడు. కానీ చెయ్యి మాత్రం నేతపనివాడి చెయ్యే. ఏ తీగ పట్టుకున్నా రెండు వేళ్ళ మధ్య ఒకసారి నలిపి, అది ఎక్కడి నుంచి వస్తోందో చివరి దాకా చూసి గానీ లాగేవారు కాదు.

నాలుగు గంటలకు మర ఆగేది. అప్పుడు బొరుగుల్లో శనగవిత్తనాలు, ఎర్రగడ్డ కలిపి కాగితం మీద పోసి అందరికీ పెట్టేవారు. సరిహద్దు దాటి వచ్చే కన్నడం పిల్లలకు కన్నడంలో, మాకు తెలుగులో, ఒకే పాఠం రెండుసార్లు చెప్పేవారు. రెండోసారి చెప్పేటప్పుడు విసుగు ఉండేది కాదు. అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఒకే సంగతి రెండోసారి చెప్పాల్సి వస్తే నా గొంతు నాకే కరకరలాడుతుంది.

ఆ సెంటరులో ఒక పద్ధతి ఉండేది. ప్రతి మిషనుకూ ఒక నోటుపుస్తకం. దానికి చిల్లు పెట్టి, పట్టుదారం పోగులు పేని, తెర పక్కన వేలాడగట్టి ఉండేది. పెన్ను కూడా అదే దారానికి. మిషనులో ఏది ఎక్కించినా అందులో రాయాలి: ఏమిటి, ఎవరు, ఎందుకు. ఏది తీసినా రాయాలి. తీసేముందు మొదటి పేజీ నుంచి చదవాలి. "ఎక్కించినోడు ఊరికే ఎక్కించడు. ఎవురికో పనుండే ఎక్కించింటాడు. ఆ పనేందో తెలుసుకోని తీయి" అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పుస్తకాన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను.

నేను అక్కడ చేరేటప్పటికి నాకు ముప్పై ఒకటి. లేపాక్షి దగ్గర పల్లెలో ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషను, పదేళ్ళ కిందటి డిగ్రీ. ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి పరీక్ష రాద్దామని రోజూ బస్సెక్కి హిందూపురం వచ్చేదాన్ని. నా గుణం సంగతి కూడా చెప్పాలి. జాకెట్టు కుట్టేటప్పుడు కుట్టు ఒకచోట వంకర పోతే, ఆ ఒక్కచోట విప్పి సరిచేసే రకం కాదు నేను. మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెడతాను. "ఈ యమ్మి చేతికి కత్తెరిస్తే భయం" అనేవాడు మా నాయన.

పైథాన్ అనేది ప్రోగ్రాములు రాసే ఒక భాష. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కిస్తేనే ఆ భాషలో రాసినవి నడుస్తాయి. అందులో పాతది ఒకటి, కొత్తది ఒకటి. పేరు రెంటికీ ఒకటే, కానీ పాతదాంట్లో రాసింది కొత్తదానికి అర్థం కాదు, కొత్తది పాతదానికి ఎక్కదు. నా పరీక్ష కొత్తదాంట్లో. సారు నన్ను నాలుగో నంబరు మిషను ముందు కూర్చోబెట్టారు. అందులో పాతది ఎప్పటినుంచో ఉంది. నేను కొత్తది ఎక్కించుకున్నాను. పైథాన్ అని పిలిస్తే పాతదే పలికేది. నేను రాసిన మొదటి వాక్యానికే తప్పు తప్పు అని ఎర్రక్షరాలు చూపించేది. వారం రోజులు ఓర్చుకున్నాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం, సారు బ్యాంకు పని మీద బయటికెళ్ళిన అరగంటలో, ఆ పాతదాన్ని తీసేశాను. దాని ఫోల్డరు కూడా మిగల్చలేదు. పుస్తకం నా మోచేతి పక్కనే వేలాడుతోంది. చదవలేదు.

మర్నాడు పొద్దున్నే ధర్మవరం నుంచి ప్యాసింజరులో సారు వాళ్ళన్న వచ్చాడు. చేతిలో చుట్టిన గ్రాఫు కాగితం. పట్టుచీర అంచుకీ కొంగుకీ డిజైను రావాలంటే మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టలు వరసగా తిరగాలి. ఏ అట్టలో ఎక్కడెక్కడ చిల్లు పడాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి సారు తన అన్న కోసం ఎప్పుడో రాసిపెట్టారు. గ్రాఫు మీద గీసిన పువ్వును లోపలికిస్తే, అది అట్టల పట్టిక అచ్చు వేసి ఇస్తుంది. చేత్తో చేస్తే పదిహేను రోజుల పని. ఆ ప్రోగ్రాం రాసింది పాత పైథాన్‌లో. అది నడిచేది నాలుగో నంబరు మిషనులో మాత్రమే. పుస్తకం మొదటి పేజీలో మొదటి వాక్యమే అది.

సారు ప్రోగ్రాం తెరవబోయి ఆగారు. నా వైపు చూశారు. వాళ్ళన్న అవతల గుమ్మం దగ్గర ఉన్నాడు. మర చప్పుడులో ఆయనకు వినబడకుండా, నేను తల దించుకుని చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి, జేబులో ఉండే పట్టుగుడ్డ ముక్కతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"మగ్గం మింద పడుగు ఎక్కించి కాచుకోనుండారు" అన్నారు. అంతే. అన్నను తీసుకుని కిందికి దిగారు.

నేను మెట్ల పైన నిలబడి చూశాను. పిండి మర పక్కన అన్నదమ్ములిద్దరూ నిలబడి ఉన్నారు. పెద్దాయన చెయ్యి ఎత్తెత్తి ఏదో అంటున్నాడు. మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. మర చప్పుడులో ఒక్క మాటా వినబడలేదు. సారు చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నారు. నన్నే తిడుతున్నాడనుకున్నాను. కానీ పైకొచ్చి గ్రాఫు కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళేటప్పుడు పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

సారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "తీసింది నువ్వు. పెట్టేది కూడా నువ్వే. నేను మిషను ముట్టను, అడిగితే చెప్తా" అన్నారు.

మూడు రోజులు పట్టింది. మొదటిరోజు పాతదాన్ని మళ్ళీ ఎక్కించాను. ప్రోగ్రాం నడవలేదు. బొమ్మలు చదివే భాగం ఒకటి విడిగా కావాలి, నేను ఫోల్డరుతో సహా పీకేసినప్పుడు అదీ పోయింది. దాని పేరు, ఏ రకమో కూడా పుస్తకంలో సారు రాసిపెట్టి ఉన్నారు కాబట్టి బతికిపోయాను. తెచ్చి ఎక్కించాను. ఎక్కింది అని వచ్చింది, ప్రోగ్రాం మాత్రం లేదు లేదు అంటుంది. నేను బల్ల మీద గుద్దాను.

"కోపమొస్తే కీబోర్డు మిందనుంచి చెయ్యి తీ" అన్నారు సారు. "ఇప్పుడు అడుగు. పైథాన్ అని పిలిస్తే ఎవురు పలికినారో ముందు కనుక్కో."

యాడుందో చెప్పమని కంప్యూటర్‌ను అడిగే ఆదేశం ఒకటుంది. అడిగితే మూడు చిరునామాలు చూపించింది. ఒకటి కొత్తది, ఒకటి పాతది. మూడోది ఉత్త బోర్డు, ఎక్కడికో దారి చూపిస్తుంది గానీ లోపల సరుకు లేదు. నేను తెచ్చిన భాగం కొత్తదాని గదిలోకి పోయింది. పాతదానికి అది అందదు.

అప్పుడు సారు వాళ్ళ ఇంటి సంగతి చెప్పారు. వాళ్ళ నాయన తరంలో ముగ్గురన్నదమ్ములూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ముగ్గురూ తమ పెద్దకొడుక్కి ఇంటిదేవుడి పేరే పెట్టుకున్నారు. వాళ్ళ అవ్వ వంటింట్లోంచి ఆ పేరు పెట్టి పిలిస్తే గడపకు దగ్గరున్నవాడు పలికేవాడు. నీళ్ళకు పంపాల్సినవాడు ఒకడు, పోయేవాడు ఇంకొకడు. "మా అవ్వ ఏం జేసిందో తెలుసునా? ఎవుర్నీ ఇంట్లోంచి ఎల్లగొట్టలేదు. మగ్గంగుంత కాడోడా, మిద్దె మిందోడా అని పిలిచింది. అంతే" అన్నారు. "ఇద్దరూ మంచోళ్ళేమ్మా. పేరొకటే కాబట్టి తగాదా. తీసేది చివరి పని."

రెండోరోజు వరస కోసం కుస్తీ పట్టాను. పిలిచినప్పుడు ఎవరి గడపకు ముందు పోవాలో కంప్యూటర్‌లో ఒక జాబితా ఉంటుంది. అందులో కొత్తదాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను. అయినా పాతదే పలికింది. కిందా మీదా పడ్డాను. మధ్యాహ్నం దాకా కూర్చుని చివరికి అడిగాను. జాబితాలు రెండుంటాయట. మిషను మొత్తానికి ఒకటి, ఆ మనిషికి ఒకటి. ముందు మిషనుది చూసి, తర్వాతే మనిషిది చూస్తుంది. నేను సర్దింది రెండోదాన్ని. సరేనని మొదటిదాన్ని సర్దాను. అయినా మారలేదు. నాకు ఏడుపొచ్చింది.

"తెర మిందుండే ఆ నల్ల కిటికీ ఎప్పుడు తెరిచినావు?" అన్నారు సారు.

"పొద్దున సార్."

"పొద్దున ఉండే సంగతే దానికి తెలుసు. మూసి, మళ్ళీ తెరువు."

మూసి తెరిచాను. కొత్తది పలికింది. ఇంక జాబితాలో మళ్ళీ పాతదాన్నొక్కదాన్నే ఉంచి, పాతదాన్నీ కొత్తదాన్నీ పేరుతో కాకుండా పూర్తి చిరునామాతో పిలిచేట్టు కట్టడం, పాతదాని సామాను దాని గదిలోనే పెట్టడం మూడోరోజు పని. సాయంత్రం బొరుగుల వేళకి ప్రింటర్లోంచి అట్టల పట్టిక బయటికొచ్చింది. ఆ మొదటి కాగితం వేడిగా నా చేతిలో ఉండడం బాగా గుర్తుంది. సారు అందరికీ పెట్టినట్టే నాకూ బొరుగులు పెట్టారు.

పుస్తకంలో రాయమన్నారు. ఎక్కించినవన్నీ రాశాను. తీసేసిన సంగతి రాయడానికి చెయ్యి రాలేదు. పైన ఒక గీత ఖాళీగా వదిలేసి, కింద నుంచి రాసుకొచ్చాను. సారు చూశారు.

ఆ తర్వాత కొన్ని నెలలు పెద్దాయన సెంటరుకు రాలేదు. పట్టికల కోసం ఎవరో ఒకరిని పంపేవాడు. పెళ్ళిళ్ళ కాలం, తీరిక లేదేమో అనుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చింది, పెనుకొండకు మారాం. సారుకు జబ్బు చేశాక సెంటరు మూసేశారు. మిగతా మిషన్లు ఎవరెవరికో ఇచ్చేశారు. నాలుగో నంబరును పుస్తకంతో సహా ధర్మవరం అన్నగారింటికి పంపారు. దాన్ని అక్కడ పెట్టి నడిపించడానికి తను వెళ్ళకుండా నన్ను పంపారు. "మా అన్నకు నీ చెయ్యి అలవాటు కావల్ల" అన్నారు. వెళ్ళి అన్నీ సర్ది ఫోన్ చేస్తే, "లోపలంతా చూసినావా?" అని అడిగారు. "చూశాను సార్" అన్నాను. పై వాక్యాలు చూశాను. నడిచింది కదా అని లోపలికి పోలేదు.

సారు పోయాక పదకొండు రోజులు మైల. ధర్మవరంలో అన్నగారింట్లో మగ్గం ముట్టుకోరు. పన్నెండో రోజు పొద్దున్నే నేను పెనుకొండలో రైలెక్కాను. చీర ఒళ్ళంతా నేసేశారు, కొత్త డిజైను కొంగు ఒకటే మిగిలింది. పెళ్ళి చీర. బుధవారానికి ఇవ్వకపోతే షావుకారు వేరే ఇంటికి పనిస్తానన్నాడట. ఆ ఇంట్లో మూడు మగ్గాలూ ఆ షావుకారు పని మీదే ఆడుతున్నాయి. అప్పటికి శనివారం. ఇవాళ ఈ మిషను నడిపించకుండా ఈ ఊరు కదలను అనుకున్నాను. సెలవు చీటీలో కూడా తిరిగొచ్చే తేదీ రాయలేదు.

పెద్దాయన గుండు చేయించుకుని ఉన్నాడు. మొహం అచ్చం సారుదే. "రామ్మా" అన్నాడు. లోపల ఒక మూల ఆయన కోడలు నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఈ యమ్మి ఫోన్లో ఏందో కోర్సు చేరిందంట. దానికోసరం ఈ మిషనులో ఏందో ఎక్కించింది. అప్పుటి నుంచి అట్టలు రాలేదు" అన్నాడు పెద్దాయన. "నాకు దాని చదువు మింద కోపం లేదు. మగ్గం నిలబడిందే, దానికి కోపం."

"నేను ఏమీ తీయలేదు మేడం" అంది ఆ పిల్ల. "నిన్న మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కిద్దామనుకున్యా. మామ వద్దన్నాడు, చినమామ ఏమీ ముట్టొద్దని చెప్పినాడంట."

"మంచి పని చేశావు. రా, కూర్చో" అన్నాను.

పుస్తకం పట్టుదారంతో తెర పక్కనే ఉంది. ఈసారి మొదటి పేజీ నుంచి చదవాలనుకుని కూడా, ముందు మిషను చూద్దామని తెరిచాను. చూశారా, ఇంత జరిగినా నా గుణం! యాడున్నారని అడిగాను. కొత్తదే ముందు వరసలో ఉంది. దాన్ని ఎక్కించేటప్పుడు జాబితాలో చేర్చమంటారా అని అడుగుతుంది, ఆ పిల్ల సరేనంది. ఎవరైనా అంటారు. కానీ అట్టల ప్రోగ్రామును నేను పూర్తి చిరునామాతో పిలిచేట్టు కట్టాను కదా, ముందు ఎవరుంటే దానికేం? నడిపించాను. బొమ్మ వచ్చింది. తామరమొగ్గల కొంగు, చక్కగా వచ్చింది. పట్టిక వేసే దగ్గరికొచ్చి ఎర్రక్షరాలు.

ఒకటికి పదిసార్లు నడిపించాను. పదిసార్లూ అక్కడే. పెద్దాయన భార్య తెచ్చిన సంగటి పక్కనే చల్లారిపోయింది. కోడలు తన కోర్సుదాన్ని తీసేస్తానని రెండుసార్లు అంది. తీసేస్తే బహుశా నడిచేది కూడా. నాకూ చేతులు దురద పెట్టాయి. "వద్దు. తీసేది చివరి పని" అన్నాను. సారు మాట నా నోట్లోంచి వచ్చింది.

కీబోర్డు మీంచి చెయ్యి తీశాను. బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, సారు రాసిన ప్రోగ్రామును మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల ఒక వాక్యం, నేను ఒక వాక్యం. రెండువందల చిల్లర వాక్యాల తర్వాత దొరికింది. బొమ్మ చదవడం అయిపోయాక, పట్టిక అచ్చు వేసే రెండో ముక్కను ఆ ప్రోగ్రామే పిలుస్తుంది. ఆ పిలుపు ఉత్త పేరుతో ఉంది. చిరునామా లేదు. ఇన్నాళ్ళూ ఆ మిషను జాబితాలో ఒక్క పైథానే ఉంది కాబట్టి సరైనవాడే పలికాడు. ఇప్పుడు గడప దగ్గర ఇంకొకడు నిలబడ్డాడు.

లోపలంతా చూసినావా అని సారు అడిగింది దీని గురించే.

మధ్యాహ్నం మూడు దాటింది. ఆ వాక్యం ఎలా మార్చాలో చెప్పి, కోడలి చేతనే మార్పించాను. పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. ఆ పిల్ల ఒక్కో అక్షరానికీ ఆగి నా వైపు చూస్తోంది. అది చూసి ఆయనకు జాలి వేసినట్టుంది.

"భయపడొద్దులేమ్మా" అన్నాడు కోడలితో. "మీ చినమామ అంతటోడే ఒకసారి ఇట్లనే చేసినాడు. ఈ మిషనులో ఉండేదాన్ని పొరపాటున తనే తీసేసి, మూడు దినాలు మగ్గం నిలబెట్టినాడు. మర కాడ నిలబెట్టి నేను అనరాని మాటలన్యా. మగ్గం ఇడిసిపోయినోనికి మగ్గం బాధ ఏం తెలుస్తాదిరా అన్యా. నాలుగు నెలలు వాని గడప తొక్కలేదు. తల దించుకోని విన్యాడే గానీ, ఒక్క మాట అనలేదు."

నాకు చెవుల్లో పిండి మర చప్పుడు మొదలైంది.

నా చేతికి అందేచోటే పుస్తకం వేలాడుతోంది. తీసి, ఏడేళ్ళ కిందటి పేజీకి వెళ్ళాను. నా గుండ్రటి అక్షరాలున్నాయి. వాటి పైన నేను ఖాళీగా వదిలిన గీత ఖాళీగా లేదు. సారు సన్నటి రాతలో ఉంది: పాత పైథాన్ తీసింది నేను. పుస్తకం చదవకుండా తీసినాను. కింద ఆయన సంతకం.

ఆ రోజు అన్నకు నా పేరు చెప్పి ఉంటే, ఈ ఇంట్లో ఈ మిషను ముందు నన్ను కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. తను లేనప్పుడు కూడా ఈ మగ్గం నిలబడకూడదని, నా చెయ్యి ఈ ఇంట్లో ఆడాలని ఆయన నాలుగు నెలలు అన్నకు దూరమయ్యారు. ఆ నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా నాకు బొరుగులు తక్కువ పెట్టలేదు.

చెప్పకుండా లేచి రావచ్చు. మిషను నడుస్తుంది, కోడలిదే తప్పనుకుంటారు, సారుదీ తప్పనుకుంటూనే ఉంటారు. అది నా వల్ల కాలేదు.

"పెద్దయ్యా" అన్నాను. "అప్పుడు తీసింది సారు కాదు. నేను. సారు బ్యాంకుకు పోయినప్పుడు తీసేశాను. ఇప్పుడు ఆగింది కూడా నా వల్లే. లోపలంతా చూడమన్నారు, చూడకుండా చూశానన్నాను. ఈ పిల్ల తప్పు ఏమీ లేదు."

పెద్దాయన గుండు మీద చెయ్యి వేసుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. కోడలు నా వైపు, ఆయన వైపు చూస్తోంది. తిడితే బాగుండుననిపించింది. ఏడేళ్ళ కిందట నాకు రావాల్సినవి నాకు వచ్చేసేవి.

"నాలుగు నెలలు" అన్నాడు చివరికి. "ఆ యేడు నా కూతురి కొడుకు పుట్టెంటికలకు కూడా వాణ్ణి పిలవలేదమ్మా." పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత తెర వైపు చూపించి, "ఇప్పుడు ఆడుతాదా?" అన్నాడు.

"ఆడుతుంది పెద్దయ్యా."

"అయితే ఆడించండి. ఆ పుస్తకంలో ఉండేది సరిగ్గా రాయి."

కోడలు మీట నొక్కింది. బొమ్మ వచ్చింది. ఎర్రక్షరాలు వచ్చే చోటు దాటిపోయింది. ప్రింటరు ఒకసారి దగ్గి, మొదటి కాగితం తోసింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని మామకు ఇచ్చింది. ఆయన కళ్ళ దగ్గర పెట్టుకుని, వేలితో ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటూ పోయి, మొగ్గ కొస దగ్గర ఆగి తలూపాడు. అట్టలు పొడిచే ఆయన అదే వీధిలో ఉంటాడు. పెద్దాయన కాగితాలన్నీ వచ్చేదాకా ఆగకుండా, వచ్చినవి వచ్చినట్టు తీసుకుని చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

సారు రాసిన వాక్యాన్ని నేను కొట్టేయలేదు. ఎక్కించినవాడు ఊరికే ఎక్కించడు. దాని కింద ఉన్న సన్నటి జాగాలో చిన్న అక్షరాలతో రాశాను: తీసింది నేను. సారు కాదు. సంతకం పెట్టాను. కొత్త పేజీలో ఈరోజు దొరికిన వాక్యం, దాని మార్పు, ఇన్నాళ్ళూ అది అలా ఉండడానికి కారణం రాశాను. పెన్ను కోడలికిచ్చాను. తన కోర్సు కోసం ఎక్కించింది ఏమిటో, ఎందుకో తనే రాయాలన్నాను. "మేడం, నాది తీసేయొద్దా?" అంది. అక్కర్లేదన్నాను.

సోమవారం సాయంత్రం ఆ పిల్లే ఫోన్ చేసింది. మాట్లాడకుండా ఫోన్‌ను గదిలోకి పట్టుకుంది. మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత బొమ్మ పంపింది. మగ్గం మీద తామరమొగ్గలు జానెడు దాకా లేచాయి. వెనక గోడవారన నాలుగో నంబరు మిషను ఉంది. దాని పక్కన వేలాడే పుస్తకం మాత్రం బొమ్మలో సరిగ్గా పడలేదు. మగ్గం అదురుకు అది ఊగుతూ ఉంది.